పిలుపు ఒకటి, అప్పగించిన పని మరొకటి

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు మనలో చాలామంది విన్నదే. ఆ పేరు గల సోదరి జీవితం మాత్రం కొందరికే తెలుసు.

అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించారు. స్త్రీలు డాక్టర్లు కావడమే అరుదైన ఆ రోజుల్లో, 1879లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో పట్టా పొందారు. 1883లో లూథరన్ మిషనరీగా గుంటూరు వచ్చారు. అయితే మిషన్ బోర్డు ఆమెను పంపింది వైద్యానికి కాదు, స్త్రీలకు, బాలికలకు చదువు చెప్పడానికి. ఆమె అలిగి తిరిగి వెళ్లలేదు. అప్పగించిన పని చేస్తూనే, తన యొద్దకు వచ్చిన రోగులను చూశారు. మగ డాక్టరు ఎదుటికి రాలేని ఘోషా స్త్రీలకు ఆమె పెద్ద దిక్కయ్యారు.

1885లో బోర్డు ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. చిన్న డిస్పెన్సరీతో మొదలైన ఆ పరిచర్య 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రిగా ఎదిగింది. కాన్పులకు, ఆపరేషన్లకు అన్ని కులాల, మతాల స్త్రీలు అక్కడికి వచ్చారు. తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు దిగేందుకు ఏలూరు రాజావారు సత్రం కట్టించారు. ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 47 ఏళ్ల సేవ తరువాత, 1930లో గుంటూరులోనే ఆమె ప్రభువునందు నిద్రించారు.

పాడగలిగిన తనకు చాపలు పరిచే పని ఇచ్చారని నొచ్చుకుని సంఘానికి దూరమైనవారు మనలో లేరా? ఆ రెండేళ్లు కుగ్లరమ్మ నొచ్చుకుని వెళ్లిపోయి ఉంటే, గుంటూరు తల్లులు ఎంత నష్టపోయేవారో ఆలోచిద్దాం. నేడు మన చేతికి వచ్చిన పనిని నమ్మకంగా చేద్దాం.