పారుపల్లి రామకృష్ణయ్య పంతులు

కృష్ణానది కీవలి యొడ్డున మన గుంటూరు సీమ; ఆవలి యొడ్డున విజయవాడ. ఆ పట్టణమున పెక్కుమందికి సంగీతము నేర్పిన గురువర్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు.

వీరు కృష్ణా మండలములోని శ్రీకాకుళ గ్రామమున జన్మించిరి. వీరి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. శాస్త్రిగారి గురువైన మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు త్యాగరాజస్వామికి ప్రత్యక్ష శిష్యులు. ఇట్లు ఆ విద్య గురుపరంపరగా పంతులుగారిని చేరెను.

మంగళంపల్లి పట్టాభిరామయ్యగారు తల్లిలేని తమ కుమారుడు మురళీకృష్ణను వీరి చేతులలో నుంచిరి. ఆ బాలుడు 1930లో పుట్టినవాడు. అసాధారణ ప్రతిభ గలవాడు. ఏకసంథాగ్రాహికి విద్య చెప్పుట సులభమని లోకము తలచును. కాని శ్రమ లేక వచ్చిన విద్యకు గర్వము తోడైనచో అది నిలువదు. అట్టి బాలునకు పొగడువారికంటె దిద్దువారు ముఖ్యము. పంతులుగారి శిక్షణలో బాలుడు ఎనిమిదేండ్ల ప్రాయముననే విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున పూర్తి కచేరీ చేసెను. హరికథా విద్వాంసులు ముసునూరి సత్యనారాయణగారు ముగ్ధులై ఆతని పేరునకు ముందు 'బాల' యను మాట చేర్చిరి. ఆతడే బాలమురళీకృష్ణ. పిన్నవయస్సుననే ఆతడు 72 మేళకర్త రాగములలోను కృతులు రచించెను.

వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారును పంతులుగారి శిష్యులే.

పంతులుగారు 1951లో పరమపదించిరి. బాలలారా! ప్రతిభ పుట్టుకతో రావచ్చును. దానికి దారి చూపువాడు గురువు. శిష్యుని కీర్తిని విన్నప్పుడు గురువునుగూడ స్మరించుట మన ధర్మము.