మాటకు దెబ్బ జవాబా? మహాకవి జాషువా జీవితం

ఇక్కడ రెజైనాలో మన పిల్లలు బడి నుండి వచ్చి, రంగునో పేరునో ఎవరైనా ఎగతాళి చేస్తే తిరిగి కొట్టవచ్చా అని అడుగుతారు. అప్పుడు నాకు గుర్రం జాషువా గారు గుర్తుకొస్తారు.

ఆయన 1895 సెప్టెంబరు 28న నేటి పల్నాడు జిల్లా వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ. బడిలో తోటి పిల్లలు కులం పేరుతో వెక్కిరిస్తే చిన్నారి జాషువా తిరగబడి కొట్టాడు. ఆ దెబ్బలతో మాటలు ఆగలేదు. తరువాత వినుకొండలోనే ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చారంటూ అందరి ముందూ అవమానించారు.

ఈసారి ఆయన చెయ్యెత్తలేదు. అలాగని నోరూ మూసుకోలేదు. కలం పట్టారు. 1941 నాటి 'గబ్బిలం'లో ఒక అంటరానివాడు తన గోడును కాశీ విశ్వనాథునికి చెప్పమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. ఆ కావ్యం ఎవరినీ గాయపరచలేదు, ఎందరినో ఆలోచింపజేసింది. బ్రాహ్మణ పండితుడు చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారే జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, ఆయనకు 1970లో పద్మభూషణ్ లభించాయి. 1971 జూలై 24న కన్నుమూశారు.

మన ప్రభువు తనను దూషించినవారిని తిరిగి దూషించలేదు, సత్యం చెప్పడమూ మానలేదు. అందుకే మన పిల్లలకు ఊరుకోమని చెప్పవద్దు. చెయ్యెత్తకుండా జవాబు చెప్పడం నేర్పుదాం.