ఫీల్డ్ మార్షల్ కరియప్ప

కర్ణాటకలో పడమటి కనుమల నడుమ కొడగు అనే చిన్న సీమ ఉంది. కావేరీ నదికీ, కాఫీ తోటలకూ పేరుపొందిన ఆ సీమ వీరసైనికులకు కూడా పుట్టినిల్లు. అక్కడి శనివారసంతెలో 1899 జనవరి 28న కొడందేర మాదప్ప కరియప్ప జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. మడికేరిలో పాఠశాల చదువు ముగించుకొని కరియప్ప మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు.

ఆ కాలంలో భారత సైన్యంలో సిపాయిలు మనవారు, అధికారులు ఆంగ్లేయులు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే వేళకు కొద్దిమంది భారతీయులకు అధికారులయ్యే అవకాశం కలిగింది. ఇందూరులోని డాలీ కళాశాలలో శిక్షణ పొంది, 1919లో కరియప్ప సైన్యంలో ప్రవేశించారు. 1933లో క్వెట్టా స్టాఫ్ కళాశాలలో చేరిన మొదటి భారతీయుడు ఆయనే. 1942లో ఒక బెటాలియన్‌కు నాయకత్వం వహించిన మొదటి భారతీయుడు కూడా ఆయనే. ఆ మెట్టు ఎక్కడానికి ఇరవై మూడేళ్ళు పట్టిందంటే ఆనాటి పరిస్థితి ఎటువంటిదో ఊహించవచ్చు.

1947లో దేశంతోపాటు సైన్యమూ రెండుగా చీలింది. నిన్నటిదాకా ఒకే పంక్తిని భుజించినవారు కాశ్మీరులో ఎదురెదురుగా నిలిచారు. 1948లో పడమటి సైనిక విభాగాన్ని నడిపించే బాధ్యత కరియప్పకు అప్పగించారు. శత్రువులు జోజిలా కనుమను పట్టుకొని లేహ్ పట్టణానికి దారి మూసివేశారు. కొడగు సీమకే చెందిన జనరల్ తిమ్మయ్య నాయకత్వాన, పదకొండు వేల అడుగులకు పైబడిన ఆ మంచు కొండల మీదికి మనవారు ట్యాంకులను ఎక్కించారు. శత్రువులు కలలోనైనా ఊహించని పని అది. నవంబరులో కనుమ మన వశమైంది. తరువాత ద్రాస్, కార్గిల్ కూడా చేజిక్కాయి.

1949 జనవరి 15న జనరల్ బుచర్ నుండి కరియప్ప సర్వసేనాధిపత్యం స్వీకరించారు. ఆ పదవిని అలంకరించిన మొదటి భారతీయుడు ఆయన. అందుకే ఏటా జనవరి 15ను సైనిక దినోత్సవంగా జరుపుతారు. అన్ని ప్రాంతాల, అన్ని కులాల జవాన్లూ కలిసి పనిచేసేలా గార్డ్స్ దళాన్ని ఏర్పాటు చేయించింది కూడా ఆయనే. కరియప్పకు హిందీ అంతగా పట్టుబడలేదు. దేశం స్వేచ్ఛ పొందిందని చెప్పబోయి, ఉచితంగా దొరికిందనే అర్థం వచ్చే మాట వాడారని సైనికులు నవ్వుతూ చెప్పుకొనేవారు.

1953 జనవరి 14న ఆయన పదవీ విరమణ చేశారు. ఆపై ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాలలో మన హైకమిషనరుగా పనిచేశారు. తిరిగి వచ్చాక మాజీ సైనికుల బాగోగులు తలకెత్తుకొన్నారు. సిపాయి నడివయసులోనే ఇంటికి చేరుతాడు. పిల్లల చదువులు అప్పటికి పూర్తికావు, పింఛను చాలదు. ఇటువంటివారి తరఫున మాట్లాడేందుకు 1964లో మాజీ సైనికుల సంఘాన్ని స్థాపించారు.

1965 యుద్ధంలో ఆయన కుమారుడు నడుపుతున్న విమానం కూలి, అతడు పాకిస్తానుకు బందీగా చిక్కాడు. ఆనాటి పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ దేశవిభజనకు ముందు కరియప్ప కింద పనిచేసినవాడే. ఆ కుమారుణ్ణి ముందుగా విడుదల చేస్తామని కబురు వచ్చింది. కరియప్ప ఒప్పుకోలేదు. బందీలైన జవాన్లందరూ తనకు బిడ్డలేననీ, అందరినీ ఒకేలా చూడమనీ బదులిచ్చారు. కుమారుడు తోటి బందీలతోపాటే తిరిగి వచ్చాడు.

పదవి విడిచిన ముప్పైమూడేళ్ళకు, 1986లో ప్రభుత్వం ఆయనకు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చింది. ఆ గౌరవం అంతకుముందు మానెక్ షాకు మాత్రమే దక్కింది. 1993 మే 15న కరియప్ప బెంగళూరులో కన్నుమూశారు. మడికేరిలో అంత్యక్రియలు జరిగాయి.

ఆయన పదవీ విరమణ చేసిన జనవరి 14ను 2016 నుండి మాజీ సైనికుల దినంగా పాటిస్తున్నారు. మన ఇళ్ళలో సంక్రాంతి సందడి సాగే రోజులవి. అదే సమయంలో దండు పట్టణాలలో పాత పతకాలు ధరించిన ముసలి జవాన్లు ఒకచోట చేరుతారు. యుద్ధ స్మారకాల వద్ద పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. పింఛను చిక్కులు ఉన్నవారు వాటిని అధికారులకు అక్కడే విన్నవించుకొంటారు.