టి.నగర్ పేరులో ఉన్న మన త్యాగరాయ చెట్టి గారు



పెళ్ళికి పట్టుచీరలు కొనాలంటే చెన్నపట్నం టి.నగర్ పోవాలంటారు. మనవాళ్ళు నేసిన చీరలు కూడా ఎన్నో అక్కడి కొట్లకే చేరతాయి. కానీ ఆ టి అనే అక్షరం ఎవరిదో మన పిల్లల్లో చాలామందికి తెలీదు. అది దేవాంగ కులంలో, తెలుగు ఇంట పుట్టిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు. ఈ సంచికలో వారిని తలుచుకోవడం మన విధి అనుకున్నాము.

వారు 1852లో పుట్టారు. ఇంట్లో నేత, తోళ్ళ వ్యాపారం ఉండేవి. కలిగిన కుటుంబమే. ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. చదివారు. ఆ రోజుల్లో బి.ఏ. పాసైతే సర్కారు ఉద్యోగం నడిచి వచ్చేది. వారు మాత్రం ఇంటి వ్యాపారమే చూసుకున్నారు. పట్నంలో సుమారు వంద మగ్గాలతో నేత కార్ఖానా నడిపారు. మిల్లు బట్ట వచ్చి మగ్గం మూలబడుతున్న కాలమది. వంద మగ్గాలకు నూలు, కూలి, అమ్మకం చూసుకోవడం ఎంత కష్టమో సంఘం నడిపే మాకు తెలుసు. నెల తిరిగేసరికి సరుకు అమ్ముడుపోకపోతే కూలి ఎక్కడి నుంచి తేవాలి?

1909లో మనదేశపు వర్తకులకంటూ పెట్టిన దక్షిణ భారత వర్తక మండలికి వారే అధ్యక్షులయ్యారు. పట్నం కార్పొరేషన్‌లో నలభై ఏళ్ళ దాకా సభ్యులుగా ఉన్నారు. 1916లో డాక్టర్ టి.ఎం. నాయర్, డాక్టర్ నటేశ మొదలియార్ గార్లతో కలిసి జస్టిస్ పార్టీ పెట్టారు. చదువు, ఉద్యోగాలు బ్రాహ్మణేతర కులాలకు కూడా అందాలని ఆ పార్టీ పట్టుబట్టింది. 1920 ఎన్నికల్లో గెలిచింది. ముఖ్యమంత్రి పదవికి గవర్నరు వారినే పిలిచారు. వారు వద్దన్నారు. సుబ్బరాయలు రెడ్డియార్ గారు ఆ పదవిలో కూర్చున్నారు. కుర్చీ కోసం కొట్టుకునే ఈ కాలంలో ఇది చెబితే నమ్మేవాళ్ళు తక్కువ.

కార్పొరేషన్ అధ్యక్షులుగా అదే 1920లో ఇంకో పని చేశారు. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం ఉచితంగా తిండి పెట్టించారు. పిల్లవాడికి రోజుకు అణా మించకూడదని లెక్క. తరవాత ఇంకో నాలుగు బడులకు పెంచారు. పిల్లలు ఎక్కువగా చేరారు. పద్దు ఒప్పుకోమని సర్కారు అనడంతో 1925లో అది ఆగింది. కానీ దారి పడింది. ఈ రోజు దేశమంతా బడుల్లో అన్నం పెడుతున్నారు.

ఈ సంగతి నేతవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో ఒక పూట గడవకపోతే ముందు మానేది పిల్లల బడే. బడికి పోవాల్సిన చేతులు కండెలు చుడతాయి. బళ్ళో అన్నం ఉంటే ఆ పిల్ల బడికి పోతుంది.

వారు ఎప్పుడూ తెల్లబట్టలే కట్టేవారు. 1925లో కాలం చేశారు. ఆ రోజుల్లోనే మాంబళం చెరువు పూడ్చి కొత్త పేట కట్టి, దానికి త్యాగరాయ నగర్ అని పేరు పెట్టారు. 1928లో కాంచీపురం నుంచి వచ్చిన నల్లి చిన్నస్వామి చెట్టి గారు అక్కడ పట్టుచీరల కొట్టు తెరిచారు. ఇప్పుడు అక్కడ చూస్తే కొట్టు పక్కన కొట్టు, కాలు పెట్టే సందు ఉండదు.

చీర మీద కొట్టు పేరు ఉంటుంది, నేసినవాడి పేరు ఉండదు. మన బాధ మనకుంది. కానీ ఆ పేట మొత్తానికి మగ్గాలు నడిపిన మనిషి పేరే ఉంది. ఈసారి అటు పోతే మీ పిల్లలకు ఈ మాట చెప్పండి. రిప్పన్ బిల్డింగ్ ముందు వారి విగ్రహం ఉంది, అదీ చూపించండి. కూలి రేటు, నూలు ధర, సరుకు అమ్మకం కోసం మనం ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు, మన మనిషి ఒకరు ఆ మేడలో అధ్యక్షులుగా కూర్చున్నారని వాళ్ళకు గుర్తుండాలి.

వారికి మన సమాఖ్య తరఫున నమస్సులు.