గడియారాల వడ్రంగి జాన్ హారిసన్

 ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవిత విశేషాలు రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. మన జిల్లా మహనీయుల గురించి రాయడానికి నాకన్నా సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. కనుక నేను దూరదేశపు వడ్రంగి ఒకాయన కథ చెప్పదలచుకున్నాను. ఆయన మనవాడు కాకపోయినా ఆయన పడిన పాట్లు మాత్రం మనకు బాగా తెలిసినవే.

ముందుగా ఆయన నాకు ఎలా పరిచయమయ్యాడో మనవి చేస్తాను. మా ఇంట్లో మా నాన్నగారి కాలం నాటి లోలకం గడియారం ఉంది. ప్రతి ఆదివారం ఉదయం స్నానం కాగానే దానికి కీ ఇవ్వడం నా పని. ఎండాకాలం వచ్చిందంటే అది వెనకబడుతుంది, వారం తిరిగేసరికి నిమిషం పైగా తేడా వస్తుంది. గవర్నరుపేటలో గడియారాలు బాగుచేసే పెద్దాయనకు చూపిస్తే గడియారంలో లోపమేమీ లేదనీ, లోపమంతా బెజవాడ ఎండదనీ అన్నాడు. వేడికి లోలకం కడ్డీ సాగుతుంది, కడ్డీ పొడుగైతే ఊపు నిదానిస్తుంది. దీనికి విరుగుడు కనిపెట్టిన వారెవరైనా ఉన్నారా అని వెతుక్కుంటూ పోతే జాన్ హారిసన్ పేరు దొరికింది.

ఆయన 1693లో ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో ఫౌల్బీ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి వడ్రంగి. చిన్నతనంలోనే కుటుంబం హంబర్ నది ఒడ్డున బారో అనే ఊరికి తరలివెళ్ళింది. హారిసన్ కూడా తండ్రి దగ్గరే ఉలి పట్టడం నేర్చాడు. గడియారాల పని ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. అయినా 1713లో, ఇరవై ఏళ్ళ వయసులో, పళ్ళ చక్రాలతో సహా లోపలి యంత్రం దాదాపుగా కొయ్యతోనే చేసి ఒక గడియారాన్ని నిలబెట్టాడు. 1722 ప్రాంతంలో బ్రాక్లెస్‌బీ పార్కు అనే ఎస్టేటులో ఒక పెద్ద గడియారం అమర్చాడు. ఆ రోజుల్లో గడియారాలకు వేసే నూనె కొన్నాళ్ళకు జిడ్డుకట్టి పనిని పాడుచేసేది. హారిసన్ తన గడియారానికి సహజంగా జిడ్డు ఊరే ఒక రకం గట్టి కొయ్యను వాడి, నూనె అవసరమే లేకుండా చేశాడు.

మా ఇంటి గడియారపు రోగానికి మందు కూడా ఆయనే కనిపెట్టాడు. ఒకే వేడికి ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఉక్కు తక్కువ సాగుతుంది. ఆ రెండు లోహాల కడ్డీలను పక్కపక్కన అమర్చి, ఉక్కు కిందికి సాగితే ఇత్తడి పైకి సాగేటట్లు బిగించాడు. ఒకదాని సాగుడు ఇంకొకదానితో చెల్లు. లోలకం పొడవు ఎండలోనూ చలిలోనూ ఒకటే. తమ్ముడు జేమ్స్‌తో కలిసి ఈ పద్ధతిలో చేసిన గడియారాలు నెలకు ఒక్క సెకను మాత్రమే తేడా వస్తాయని ఆయన లెక్క కట్టాడు.

ఇంతటితో ఆగితే ఆయన మంచి పనివాడిగా మిగిలేవాడు. అయితే ఆ కాలంలో ఓడలు నడిపే దేశాలన్నిటినీ ఒక చిక్కు పీడిస్తూ ఉండేది. 1611లోనే ఇంగ్లీషు కంపెనీ ఓడ మన మచిలీపట్నం రేవులో లంగరు వేసిందని చరిత్రలో చదువుకున్నాం. అలా వచ్చే ఓడలవారికి ఉత్తర దక్షిణాల లెక్క ధ్రువ నక్షత్రాన్నో సూర్యుణ్ణో చూసి తెలిసేది. తూర్పు పడమరల లెక్క, అంటే రేఖాంశం, అంచనా మీద నడిచేది. అంచనా తప్పితే ప్రాణాలు పోయేవి. 1707లో ఇంగ్లాండు సమీపంలోని సిల్లీ దీవుల రాళ్ళకు కొట్టుకుని నాలుగు యుద్ధనౌకలు మునిగి, వెయ్యి మందికి పైగా మరణించారు.

రేఖాంశానికీ గడియారానికీ సంబంధమేమిటంటారా? భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశపు ప్రామాణిక సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ తుని ప్రాంతం మీదుగా పోతుంది. అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చిన ఏడున్నర నిమిషాలకు గానీ బెజవాడలో నడినెత్తికి రాడు. కనుక బయలుదేరిన రేవు సమయాన్ని చెప్పే నిక్కమైన గడియారం ఓడలో ఉంటే, నడిసముద్రంలో మధ్యాహ్నం చూసుకుని ఎంత దూరం వచ్చామో లెక్క కట్టవచ్చు. కాని అలల కుదుపుకు లోలకం నిలవదు, ఉప్పుగాలికి, వేడికి, చలికి యంత్రం దారి తప్పుతుంది.

1714లో బ్రిటన్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. అర డిగ్రీ లోపు తేడాతో రేఖాంశం చెప్పే పద్ధతి చూపినవారికి 20,000 పౌండ్ల బహుమతి. బెజవాడకూ బందరుకూ మధ్య ఉన్న రేఖాంశ తేడా కూడా దాదాపు అర డిగ్రీయే. ఆరు వారాల ప్రయాణంలో అంతకు మించి తప్పకూడదంటే గడియారం రోజుకు మూడు సెకన్లకు మించి తేడా రాకూడదు. దరఖాస్తులు పరిశీలించడానికి ఒక బోర్డును కూడా నియమించారు.

1730లో హారిసన్ తన పటాలు పట్టుకుని లండను వెళ్ళాడు. రాజజ్యోతిష్కుడైన ఎడ్మండ్ హేలీ ఆయనను ప్రసిద్ధ గడియారాల పనివాడు జార్జ్ గ్రాహం దగ్గరకు పంపాడు. గ్రాహం ఈ పల్లెటూరి వడ్రంగి ప్రతిభను గుర్తించి, వడ్డీ లేకుండా అప్పు ఇచ్చి పంపాడు. ఐదేళ్ళు శ్రమించి 1735లో హారిసన్ మొదటి సముద్ర గడియారం పూర్తిచేశాడు. బరువు సుమారు 34 కిలోలు. లోలకానికి బదులు రెండు తూనికలను స్ప్రింగులతో జతచేశాడు. ఓడ కుదుపు ఒకదాన్ని ఎటు నెడితే రెండోది దానికి ఎదురు వెళ్ళి సరిచేస్తుంది. 1736లో దాన్ని లిస్బన్ దాకా తీసుకుపోయారు. తిరుగు ప్రయాణంలో ఓడవారు చెప్పిన చోటు తప్పనీ, అరవై మైళ్ళ తేడా ఉందనీ హారిసన్ చెప్పాడు. తీరా చూస్తే ఆయన మాటే నిజమైంది.

1737లో బోర్డు సమావేశమైంది. ఆనాడే ఆయన పెద్ద పరీక్షకు పట్టుపట్టి ఉండవచ్చు. ఆయన మాత్రం తన గడియారంలోని లోపాలు తానే ఎత్తి చూపి, ఇంకా మంచిది చేస్తానని గడువు అడిగాడు. రెండోది చేశాడు, అందులో దోషం కనిపెట్టి పక్కన పెట్టాడు. మూడోదాని మీద 19 ఏళ్ళు గడిపాడు. ఇప్పుడు మన ఇస్త్రీ పెట్టెల్లో వేడి మించకుండా చూసే రెండు లోహాల పలక ఆ మూడో గడియారం కోసం పుట్టినదే. చివరకు 1759లో నాలుగోది వచ్చింది. అది పెద్ద జేబు గడియారం, 13 సెంటీమీటర్ల వెడల్పు, కిలోన్నరకు కాస్త తక్కువ బరువు. అప్పటికి హారిసన్‌కు 66 ఏళ్ళు.

1761 నవంబరులో కొడుకు విలియం దాన్ని తీసుకుని జమైకాకు ఓడ ఎక్కాడు. 81 రోజుల మీద అది వెనకబడింది 5 సెకన్లు. బహుమతి వస్తుందనే అందరూ అనుకున్నారు. బోర్డు మాత్రం ఇది యాదృచ్ఛికం కావచ్చునని, మరో పరీక్ష కావాలని రాసింది. 1764లో బార్బడోస్ ప్రయాణం జరిగింది. తేడా 39 సెకన్లు, అంటే పది మైళ్ళ లోపు. చట్టం కోరినదానికి మూడు రెట్లు మెరుగు. 1765లో బోర్డు గడియారం బాగా పనిచేసిందని ఒప్పుకుంటూనే కొత్త షరతులు పెట్టింది. గడియారం విప్పి నిపుణుల ముందు రహస్యమంతా చెప్పాలి, అప్పుడు సగం సొమ్ము. తక్కిన సగానికి అలాంటివి మరికొన్ని చేసి చూపాలి. చంద్రుని గమనాన్ని బట్టి రేఖాంశం కట్టే పద్ధతిని నమ్మిన నెవిల్ మాస్కెలిన్ అదే ఏడాది రాజజ్యోతిష్కుడై బోర్డులో సభ్యుడయ్యాడు. హారిసన్ గడియారాన్ని గ్రీనిచ్‌లో పరీక్షించి ప్రతికూలంగా నివేదిక ఇచ్చినది కూడా ఆయనే.

ఈ కథ చెప్పేవారు చాలామంది బోర్డును తిట్టి ఊరుకుంటారు. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన నాకు అలా అనబుద్ధి కాలేదు. ఒక్క గడియారం ఒక్క చేతిలో బాగా నడిస్తే దేశపు ఓడలన్నిటికీ ఏం లాభం? మరొకరు చేయగలరా లేదా అని అడగడం న్యాయమైన ప్రశ్నే. లార్కమ్ కెండాల్ అనే పనివాడు రెండేళ్ళకు పైగా శ్రమపడి 1769లో దానికి నకలు తయారుచేశాడు, దానికి 500 పౌండ్లయింది. 1772 నుంచి 1775 దాకా కెప్టెన్ కుక్ దాన్ని దక్షిణ సముద్రాలన్నీ తిప్పి ఎంతో మెచ్చుకున్నాడు. మాస్కెలిన్ చంద్రుని పట్టికలు కూడా నావికులకు చాలాకాలం ఉపయోగపడ్డాయి. నిబంధన ప్రకారం ప్రతి అభ్యంతరానికీ ఒక కారణం ఉంది. అయితే ఆ అభ్యంతరాలు ఎదుర్కొంటున్న మనిషికి అప్పటికి డెబ్బై దాటాయన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. 1980 దశకంలో నేను పనిచేస్తున్న సెక్షనుకు ఒక కాలువ లస్కరు పెన్షను కాగితాలు వచ్చాయి. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ ఒకటి, వైద్య పత్రంలో మరొకటి. అభ్యంతరం రాసి వెనక్కు పంపాను. సరిచేసి పంపితే సంతకం కింద ముద్ర లేదని మళ్ళీ పంపాను. మూడోసారి మరొకటి. ఆయన నెలనెలా కాలువ గట్టున నడిచి వచ్చి నా బల్ల పక్కన నిలబడేవాడు. కూర్చోమని నేను అన్నట్టు గుర్తు లేదు. నాలుగోసారి ఫైలు వచ్చేసరికి అది కుటుంబ పెన్షను ఫైలు అయింది. ఆయన భార్య వచ్చి వేలిముద్ర వేసి వెళ్ళింది. నేను రాసిన నోట్లలో ఒక్కటీ రూల్సుకు విరుద్ధం కాదు. మొదటిసారే మూడు లోపాలూ కలిపి రాసి ఉండవచ్చుననే సంగతి మాత్రం నాకు అప్పుడు తోచలేదు.

హారిసన్ ఆగలేదు. కళ్ళు మసకబారుతున్న వయసులో ఐదో గడియారం చేశాడు. 1772లో కొడుకు మూడో జార్జి రాజుకు మొర పెట్టుకోగా, రాజు స్వయంగా తన వేధశాలలో పది వారాలు పరీక్షింపజేశాడు. తేడా రోజుకు సెకనులో మూడో వంతు. 1773లో పార్లమెంటు 8,750 పౌండ్లు మంజూరు చేసింది. అది పార్లమెంటు దయతలచి ఇచ్చినదే గాని, బోర్డు ఇచ్చిన బహుమతి కాదు. అప్పటికి ఆయనకు 80 ఏళ్ళు. 1776 మార్చి 24న లండనులో కన్నుమూశాడు.

ఆయన గడియారాలు చాలాకాలం నిర్లక్ష్యానికి గురయ్యాయి. 1920 తర్వాత రూపర్ట్ గౌల్డ్ అనే నావికాధికారి, ఆయన కూడా గడియారాల వృత్తిలో పుట్టినవాడు కాదు, ఏళ్ళ తరబడి శుభ్రపరచి నడిపించాడు. వాటిలో మొదటి నాలుగూ ఇప్పుడు గ్రీనిచ్‌లో ఉన్నాయి. మొదటి మూడూ నడుస్తూనే ఉన్నాయి. నాలుగోది అరిగిపోతుందని ఆపి ఉంచారు. హారిసన్ సూత్రాల మీద మార్టిన్ బర్జెస్ అనే ఆయన చేసిన లోలకం గడియారాన్ని 2015లో గ్రీనిచ్‌లో నూరు రోజులు పరీక్షించారు. ఒక్క సెకను కూడా తప్పలేదు. నేడు మన మనుమల సెల్‌ఫోన్లు దారి చెప్పడం కూడా ఉపగ్రహాల్లోని గడియారాల పుణ్యమే.

ఏటేటా బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇచ్చుకుంటూ, బకాయిల కోసం ఎదురుచూసే మనకు హారిసన్ ఓపిక ధైర్యమిస్తుందని తలుస్తాను. ఇక మన పిల్లలు, మన మనుమలు ఎక్కడో ఒకచోట బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఈ సంచిక వారి చేతికి కూడా ఇవ్వండి. ఫైలు చూసేటప్పుడు లోపాలన్నీ ఒకేసారి రాయమనీ, ముసలివారు వస్తే ముందు కుర్చీ చూపించమనీ నా మాటగా చెప్పండి.

రేపు ఆదివారం. గడియారానికి కీ ఇవ్వాలి. సెలవు.