పంచుకొనుట నేర్చిన బాలుడు

ఆల్బర్ట్ ష్వైట్జర్ 1875 జనవరి 14న, ఆనాడు జర్మనీ యేలుబడిలోనున్న ఆల్సేస్ ప్రాంతమున జన్మించెను. ఆయన తండ్రి గున్స్‌బాక్ గ్రామమున లూథరన్ సంఘకాపరి. ఒకనాడు బడినుండి వచ్చుచు ఆల్బర్ట్ తనకంటె పెద్దవాడైన తోడి బాలునితో కుస్తీపట్టి వానిని పడగొట్టెను. తనకును వారమునకు రెండుమారులు మాంసపు చారు దొరకినయెడల అంత బలము తనకును ఉండెడిదని ఆ బీదబాలుడు పలికెను. ఆ మాట ఆల్బర్ట్ హృదయమున నాటుకొనెను. అటుపిమ్మట ఇంటి చారు ఆయనకు రుచింపలేదు.

చలికాలమున, తోడివారికి లేని పైకోటు తనకును వలదనెను. తండ్రి చెంపపై కొట్టినను తొడుగుకొనలేదు. చేతితొడుగులు, టోపీ, బూట్ల విషయమందును అట్లే చేసెను. ఆ బాలురో దీనిని గ్రహింపక, జగడము వచ్చినప్పుడెల్ల దొరబిడ్డయని యెగతాళి చేసిరి.

ఒకడు కోటు విడిచినంతమాత్రమున పొరుగువానికి వెచ్చదనము కలుగదు. విడిచిపెట్టుట మొదటి మెట్టు; ఇచ్చుట దాని తరువాతిది. 1896లో పెంతెకొస్తు సెలవులందు ఆయన, ముప్పదియేండ్లవరకు విద్యకును సంగీతమునకును, ఆపై మానవసేవకును తన జీవితము నర్పింప నిశ్చయించుకొనెను. 1905లో వైద్యవిద్య నారంభించి, 1913లో భార్య హెలీనాతోకూడ ఆఫ్రికాలోని లాంబరీనే చేరి ఆసుపత్రి స్థాపించెను. ఐరోపాను ఉపమానములోని ధనవంతునిగాను, ఆఫ్రికాను వాకిట పడియున్న లాజరుగాను ఆయన చూచెను. 1965 సెప్టెంబరు 4న అక్కడనే కన్నుమూసెను.

తలిదండ్రులారా, మీ బిడ్డ తన పళ్లెమునుండి తలయెత్తి పొరుగువాని పళ్లెమువైపు చూచునప్పుడు, దానిని మొండితనమని అణచివేయకుడి. దేవుని పిలుపు అక్కడనే ఆరంభమగుచుండవచ్చును.