సూరత్ నర్మద్: వేదికెక్కిన కాలేజీ కుర్రాడు

ఆగస్టు 29 గిడుగు జయంతి. మనకు తెలుగు భాషా దినోత్సవం. సరిగ్గా ఐదు రోజుల ముందు, ఆగస్టు 24న గుజరాతీలూ తమ భాషా దినం జరుపుకుంటారు. అది నర్మద్ పుట్టినరోజు. బతుకుదెరువు కోసం సూరత్ చేరిన తెలుగు నేత కార్మికులకు ఈ పేరు పరిచయమే. అక్కడి విశ్వవిద్యాలయం పేరులోనే 'వీర్ నర్మద్' ఉంది.

నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే 1833లో సూరత్‌లో పుట్టారు. తండ్రి బొంబాయిలో రాతపని చేసేవారు. అందుకే చదువు రెండు ఊళ్ల మధ్య సాగింది. సూరత్‌లో కొంతకాలం దుర్గారామ్ మెహతా బడిలో చదివారు. 1844లో మానవధర్మ సభ పెట్టి మూఢనమ్మకాలను బహిరంగంగా ప్రశ్నించిన పంతులు ఆయన.

1850లో నర్మద్ బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చేరారు. అప్పటికి రెండేళ్ల ముందే అక్కడి విద్యార్థులు సాహిత్య, విజ్ఞాన సంఘం పెట్టుకున్నారు. దాదాభాయ్ నౌరోజీ వంటివారు నడిపిన ఆ సంఘం కాలేజీ చదువును మాతృభాషలో జనం ముందుకు తెచ్చింది. మరికొన్నేళ్లకే, 1853లో, పార్సీ యువకులు గ్రాంట్ రోడ్ థియేటర్‌లో నాటకాలు మొదలుపెట్టారు. చదువుకున్న కుర్రాళ్లకు ఉపన్యాసమూ నాటకమూ ఊరితో మాట్లాడే దారులయ్యాయి.

ఆ గాలిలోనే నర్మద్ నలుగురూ కలిసి సంఘం పెట్టుకుంటే వచ్చే లాభాల గురించి ప్రసంగించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా లేవు. ఆధునిక గుజరాతీ వ్యాసానికి అదే తొలి అడుగని సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు. అంటే ఆ ప్రక్రియ కాగితం మీద కంటే ముందు సభలో పుట్టిందన్నమాట. తల్లి మరణంతో సూరత్ తిరిగొచ్చాక అక్కడా ఒక మండలి పెట్టారు.

1858లో బడిపంతులు ఉద్యోగం వదిలేశారు. ఇక కలమే తిండి పెట్టాలని ఒట్టు పెట్టుకున్నారు. 1860లో వితంతు వివాహంపై వైష్ణవ గురువు జదునాథ్‌జీతో బహిరంగ వాదానికి దిగారు. 1864లో 'దాండియో' పత్రిక స్థాపించారు. తర్వాత తానే ఒక వితంతువును, నర్మదాగౌరిని, పెళ్లాడారు. అయితే అప్పటికే ఇంట్లో భార్య డాహీగౌరి ఉంది. సంస్కరణ కోసం చేసిన ఆ పెళ్లి బరువు మరో స్త్రీ మీద పడింది. ఆయన్ను పొగిడేటప్పుడు మరిచిపోకూడని సంగతి ఇది.

ఏళ్ల తరబడి ఒక్కడే కూర్చుని సుమారు 25 వేల మాటలతో 'నర్మకోశ్' నిఘంటువు పూర్తిచేశారు. 1873 నాటికి అది అచ్చయింది, అప్పులూ మిగిల్చింది. పుస్తకాలు ఇల్లు గడపలేకపోతే రంగస్థలం వైపు తిరిగారు. 1876లో 'రామజానకీ దర్శన్', 1881లో 'సారశాకుంతల్' అలా వచ్చినవే. చివరికి 1882లో ఒట్టు తీసి గట్టునపెట్టి ఉద్యోగంలో చేరక తప్పలేదు. ఇరవై నాలుగేళ్లు నిలిచిన ప్రతిజ్ఞ అది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1886 ఫిబ్రవరిలో బొంబాయిలో కన్నుమూశారు.

ఈలోగా ఆయన ఆలోచనా మారింది. ఒకప్పుడు సంప్రదాయాన్ని ఎదిరించిన మనిషే 1885 నాటి 'ధర్మవిచార్'లో దాన్ని సమర్థించారు. అభిమానులకు ఇప్పటికీ మింగుడుపడని మలుపు అదే.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. కందుకూరిలాగే నర్మద్‌ కూడా ఆత్మకథ రాశారు. 1866లో కొద్ది ప్రతులు మాత్రమే అచ్చువేయించి దగ్గరివాళ్లకు ఇచ్చారు. జనం చేతికి అది 1933లో, శతజయంతి నాటికి గానీ రాలేదు. జీవితమంతా జనం ముందు నిలబడి మాట్లాడిన మనిషి, తన గురించి చెప్పుకున్న మాటలను మాత్రం దాచిపెట్టుకున్నారు.

సూరత్‌లో ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది. అయితే ఆయన అసలు ఆస్తి మరొకటి: కాలేజీలో నేర్చిన చదువును ఊరి భాషలో ఊరికి అప్పజెప్పాలన్న పట్టుదల. మన కాలేజీ వార్షికోత్సవాల్లో అతిథి ప్రసంగాన్ని ఎప్పుడు ముగుస్తుందా అని భరించే మనకు, ఒకప్పుడు అలాంటి ప్రసంగమే ఒక భాషలో వచనానికి దారి వేసిందని గుర్తుంటే మంచిది.